సగం వేగం

పాత పంపు మంగళవారం తెల్లవారుజామున ఆగిపోయింది.
ఆ నిశ్శబ్దానికే నాకు మెలకువొచ్చింది.
ముప్పై మూడేళ్లు స్టీల్‌ప్లాంటు బ్లోయర్ హౌస్‌లో అరిగిన చెవులివి,
చప్పుడుంటే నిద్రపోతాయి,
ఆగితే ఉలిక్కిపడతాయి.

కూర్మన్నపాలెంలో ఈ ఇంటి వెనక
ఇరవై అడుగుల పొడవు, పదడుగుల వెడల్పు కొలను
దర్జాకి తవ్వించింది కాదు.
విశాలాక్షి మోకాళ్లకి.
నేల మీద అడుగేస్తే మొహం ముడుచుకునే మనిషి
నడుంలోతు నీళ్లలో
రైతుబజారుకి బయల్దేరినట్టు చకచకా నడుస్తుంది.

డాబాగార్డెన్స్‌లో మూడు కొట్లు తిరిగాను.
మొదటివాడు ఇంకా పెద్దది కొనమన్నాడు,
"రెండు హార్స్‌పవరు సార్, ఏనుగు."
రెండోవాడు టీ తెప్పించి
పంపు రంగు గురించి చాలాసేపు చెప్పాడు.
మూడో కొట్లో స్టూలు మీద కూచున్న ఫిట్టరు దాలినాయుడు
నా కరెంటు బిల్లు అడిగి, చదివి, నవ్వాడు.

"నీల్లకేటి తొందర సారూ?
ఆ కొలన్లోంచి ఆ కొలన్లోకే కదా ఎల్లేది.
బేగి ఎల్లినా అక్కడికే,
నెమ్మదిగా ఎల్లినా అక్కడికే."

బిల్లు వెనక్కి తిప్పి లెక్క రాశాడు.
వేగం సగం చేస్తే
కరెంటు సగం కాదు, ఎనిమిదో వంతు.
రోజుకి తొమ్మిది యూనిట్లు మింగే చోట
రెండుంబావుతో సరిపెట్టుకుంటుంది,
కాకపోతే ఎనిమిది గంటల పని
పదహారు గంటలు చేస్తుంది.

సిగ్గేసింది.
ఈ లెక్క నాకు తెలుసు.
ఫర్నేసుకి గాలి పంపే యంత్రాల దగ్గర
కొత్తగా చేరిన కుర్రాళ్లకి
సుద్దముక్కతో నేల మీద రాసి చెప్పినవాణ్ణి నేనే.
పెరట్లో మాత్రం ఆరేళ్లు
ఒక దున్నపోతుని ఊరికే పరిగెత్తించాను,
చప్పుడొస్తోంది కాబట్టి పనవుతోందని.

డెబ్బై ఎనిమిది వేలు.
పాతలాంటిదైతే ఇరవై రెండు.
తేడా చేతికి తిరిగి రావడానికి రెండేళ్ల తొమ్మిది నెలలు.
"రెండేళ్ల తొమ్మిది నెలలంటే మరి..." అని నేను నసిగితే
"ఉంటాంలెండి" అంది విశాలాక్షి,
బీరకాయ చెక్కు తీస్తూ, తలెత్తకుండా.

శుక్రవారం దాలినాయుడొచ్చాడు.
పంపు పెట్టె విప్పకముందే పైపులు చూసి పెదవి విరిచాడు.
"ఒకటిన్నరంగుళం సన్నం సారూ, రెండంగుళాలెయ్యాల.
ఇన్ని ఎల్బోలేటి?
వొంపు వొంపుకీ బలం పోతాది."
మెట్ల మీంచి విశాలాక్షి,
"ఆ మాట నా మోకాళ్లకి చెప్పు నాయనా."

ఐదు వంపులు రెండయ్యాయి.
ఉప్పుగాలికి తుప్పెక్కిన బోల్టులు
కిరసనాయిలు పోస్తే తప్ప కదల్లేదు.
వాటిలో ఒకటి జేబులో వేసుకున్నాను,
ఎందుకంటే చెప్పలేను.

రాత్రి పదకొండింటికి టార్చిలైటు పట్టుకుని లేచాను.
తిరుగుతోందా అసలు?
అరచెయ్యి ఆన్చితే
ఒళ్లో పడుకున్న పిల్లి డొక్కలా సన్నగా అదురుతోంది.
నమ్మకం చాలక
గన్నేరు పువ్వొకటి తెంపి నీళ్లలో వేశాను.
అది చాలాసేపు ఆలోచించి
అటు మూలకి బయల్దేరింది.
పదకొండు నిమిషాలు. వాచీ చూశాను.

అప్పుడు వినపడ్డాయి ఒక్కొక్కటీ.
దువ్వాడ వైపు గూడ్సుబండి.
పక్కింటివాళ్ల గేటు గొళ్లెం.
కిటికీలోంచి, ఒత్తిగిలినప్పుడు
పళ్లబిగువున విశాలాక్షి మూలుగు.

ఆరేళ్లుగా ఇది ఉందన్నమాట.

తెల్లారి తనతో పాటు నేనూ నీళ్లలో దిగాను.
"ఏంటివాళ?" అంది.
"ఊరికే."
అడుగులో అడుగేస్తూ పక్కనే నడుద్దామనుకున్నాను.
అవతలి గట్టు ముట్టుకుని ఎదురొచ్చేసి,
"ఏంటండీ ఆ నడక,
కరెంటు పొదుపా?" అంది.